తినే గవ్వలు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకావిడ ఉంటుంది. ఉండడమంటే గొంతు మాత్రమే. ఏ అంతస్తులో ఎవరు గ్రిల్లు తలుపు సరిగ్గా వేయకుండా పోయినా, "దయచేసి తలుపు వేయండి" అని మొదలుపెడుతుంది. వేసేదాకా ఆపదు. విసుగు లేదు, గొంతులో మార్పు లేదు. రెండో అంతస్తువాళ్ళు పాల పాకెట్టుకు దిగి తలుపు వదిలేస్తే, నాలుగో అంతస్తులో చట్నీకి శనక్కాయలు వేయిస్తున్న నేను వినాలి. అసోసియేషన్ మీటింగులో చెప్పాను. ఆ గొంతు తీయించండి, లేదంటే కనీసం మూడోసారికి తిట్టేలాగానైనా మార్పించండి అని. మర్యాదగా అడిగితే నెల్లూరులో తలుపు వేసేదెవరు? సెక్రటరీ గారు శ్రద్ధగా విని తలూపారు. ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.

ఆ గొంతుకు జవాబు చెప్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. జూన్‌లో మా అమ్మాయిని అక్క ఊరి నుంచి తీసుకొచ్చిన రోజు, అది సంచీ కిందికి దించకుండానే తల పైకెత్తి, "మేము వేసినాము అక్కా, ఇంకెవురో వెయ్యలా" అని చెప్పింది. చెప్పి, ఆవిడ ఊరుకుంటుందేమోనని కాసేపు చూసింది. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే పిల్ల. ఆ సంగతి అప్పుడు నాకు ముచ్చటగా అనిపించింది.

దానికి ఏడేళ్ళు. అందులో ఎక్కువ భాగం కోట మండలంలో, సముద్రం వైపు ఉన్న మా అక్క ఊళ్ళోనే గడిచింది. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా కాలేజీలో ప్రసవం సెలవు లేకపోలేదు. దాన్ని రాజీనామా అంటారు. మా ఆయన రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాడు. చెరువు గట్ల మీద తిరిగే ఉద్యోగం, రొయ్యకు నలతగా ఉందంటే అన్నం వదిలేసి పోవాలి. కాబట్టి పాలు మానిన కొన్నాళ్ళకే పాపను అక్క దగ్గర పెట్టాం. కొన్నాళ్ళే అనుకున్నాం. కొన్నాళ్ళు అనే మాటకు తెలుగులో హద్దు లేదు.

అక్క కొడుకులిద్దరూ ఆమెను అమ్మా అనేవాళ్ళు, నన్ను పిన్నీ అనేవాళ్ళు. పాప మాటలు నేర్చింది వాళ్ళ నోట్లోంచే కనుక వరసలు కూడా వాళ్ళవే నేర్చుకుంది. అక్క అమ్మ అయింది, నేను పిన్నిని అయ్యాను. ఉమ్మడి కాపురాల్లో ఇది మామూలే, మా తాతగారు కన్నతల్లిని చచ్చేదాకా వదినా అనే పిలిచాడు అని స్టాఫ్‌రూములో చెప్పి నవ్వించేదాన్ని. ఆ కథ బాగా చెప్పేదాన్ని. ఎక్కడ ఆపాలో, ఎక్కడ కళ్ళెగరేయాలో కూడా కుదిరిపోయింది.

ఇప్పుడు అక్క కొడుకులిద్దరూ హాస్టళ్ళలో చేరారు. ఇంట్లో ఆమె, బావ, రెండు గేదెలు. పాపను పంపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. పెద్ద స్కూలు, ఇంగ్లీషు, భవిష్యత్తు అని నేను నాలుగు మాటలు పేర్చాక, ఆమె నెత్తిన కొంగు సర్దుకుని, "సరే మే, తీసకపో. దసరా దాకా చూడు. ఇమిడిందంటే నీ దగ్గరే ఉంటాది. బిడ్డ చిక్కిందా, నేనే వచ్చి తీసకపోతా. మళ్ళా నన్ను అడగబాక" అంది.

అంటే నా కూతుర్ని నాకే షరతు మీద ఇచ్చింది. గడువు దసరా. ఇరవయ్యేళ్ళుగా పిల్లల్ని పరీక్షలకు తయారు చేస్తున్నదాన్ని, ఒక పరీక్షకు నేను తయారు కాలేనా అనుకున్నాను. సిలబస్ ఫోనులో, వంటల వీడియోల్లో ఉంది.

ఆ వీడియోల్లో తల్లులు చాలా తీరిగ్గా ఉంటారు. వాళ్ళ వంటగదుల్లో పోపు చిమ్మదు. బీట్‌రూట్ పూరీలు, ఓట్స్ కట్‌లెట్లు, పాలకూర ఇడ్లీలు, రాగి పాన్‌కేకులు. పిల్లల డబ్బా ఖాళీగా ఇంటికొస్తుందని ప్రతి ఒక్కరూ హామీ ఇస్తారు. నేను పొద్దున్నే లేచి, పక్కన బొద్దింక రక్తప్రసరణ వ్యవస్థ మీద ప్రశ్నపత్రం దిద్దుకుంటూ, ఇటు పాలకూర ఉడకబెట్టుకుంటూ, ఆ హామీల మీద బతికాను.

డబ్బా నిజంగానే ఖాళీగా వచ్చేది. అదే నా గెలుపు అనుకున్నాను.

"ఎలా ఉంది నాన్నా, పూరీ?"

"బాగుంది పిన్నీ."

"ఇంకోటి పెట్టనా?"

"చాలు. ఇదే ఎక్కువైనాది."

మా ఆయన ఒక ఎర్ర పూరీని తుంచి, మేతను పరీక్షించే అలవాటు కొద్దీ వాసన చూసి, "ప్రోటీన్ శాతమెంత?" అన్నాడు. పాప నవ్వలేదు. నేను నొచ్చుకుంటానని. ఇంటికొచ్చిన చుట్టం ఇంతకంటే పద్ధతిగా ఉండలేడు. పడుకుని లేస్తే దుప్పటి మడత పెట్టేది. ఫ్రిజ్ తీయాలంటే, "పిన్నీ, తీయొచ్చా?" అని అడిగేది. నీకు అడగాల్సిన పనేముంది, ఇది నీ ఇల్లు అని నేనంటే సరేననేది. మళ్ళీ అడిగేది.

సాయంత్రం అక్క ఫోను. పాప స్పీకరు పెట్టుకుని బాల్కనీలోకి పోయి మాట్లాడేది. నేను వినేదాన్ని కాదు, కానీ నాలుగో అంతస్తు బాల్కనీ చిన్నది.

"ఏం తిన్న్యావు?"

"పిన్ని ఏందో చేసినాది మా. ఆకుపచ్చగా ఉండాది."

"ఏందది?"

"తెలీదు. ఇడ్లీ మాదిరే ఉండాది గానీ ఇడ్లీ కాదు."

"తిన్న్యావా?"

"తింటిని. పాపం, శానా పొద్దన్నే లేచినాది."

ఆ 'పాపం' నాకన్నమాట. తర్వాత అక్క నన్ను పిలిచి, "ఏం మే, బిడ్డకి ఇంత పప్పన్నం కలిపి పెట్టేదానికేమి నీకు? గడ్డి గాదం ఉడకేసి పెడతా ఉండావంట" అనేది. అది గడ్డి కాదు అక్కా, ఐరన్ అనేదాన్ని. "ఇనుము తినేదానికి అదేమన్నా ఇస్త్రీ పెట్టా?" అని పెట్టేసేది.

వంటలతో పాటు చేతిపనులు. తల్లీబిడ్డా కలిసి చేసే పనుల్లో బంధం పెరుగుతుందని ఫోనులో ఒకావిడ చెప్పింది. ఆమె బిడ్డ చాలా బొద్దుగా ఉంది కూడా. శనివారం సాయంత్రాలు దానికి కేటాయించాను. ఐస్‌క్రీం పుల్లలతో ఇల్లు కట్టాం. కట్టాం అన్నది మర్యాదకు. పుల్ల వంకరగా అంటిస్తే నేను తీసి మళ్ళీ అంటించేదాన్ని, అందుకని కాసేపటికి పాప తనంతట తానే గమ్ము సీసా పట్టుకునే ఉద్యోగంలో చేరిపోయింది. పాత చీరెతో బొమ్మ కుట్టినప్పుడు సూదిలో దారం ఎక్కించే పని. పేపరు బుట్ట అల్లినప్పుడు, కిందపడ్డ ముక్కలు ఏరే పని. నేను అడక్కముందే అందించేది. మా ల్యాబ్ అటెండర్‌కు ఆ చురుకుదనం లేదు.

దసరా సెలవులు ఇక వారంలోకి వచ్చాయనగా, శనివారం నాడు క్లాసు టీచరు నుంచి గ్రూపులో కబురొచ్చింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. సోమవారం మన సంప్రదాయం రోజు అట. ప్రతి బిడ్డా అమ్మ సాయంతో చేత్తో చేసిన గవ్వలు తీసుకురావాలట.

నేను దాన్ని చదివిన పద్ధతి ఇది. గవ్వలు సముద్రంలో ఉంటాయి. మొలస్కా వర్గం, గాస్ట్రోపోడా తరగతి. గవ్వను చేసేది లోపలి జీవి, ఏ అమ్మా దాన్ని చేత్తో చేయలేదు. కాబట్టి టీచరమ్మ ఒక 'తో' మరిచిపోయింది. గవ్వలతో చేత్తో చేసినవి తెమ్మంటోంది. ఈ రోజుల్లో విభక్తులు ఎవరికి వస్తాయి అని జాలిపడి, ఆ 'తో' నేనే పెద్దమనసుతో చేర్చుకున్నాను. సంప్రదాయం అంటే అష్టాచెమ్మా, అష్టాచెమ్మా అంటే గవ్వలు. ఎక్కడా పొరపాటు లేదు.

పాప కబురు విని, "గవ్వలంటే తినేవి గదా పిన్నీ?" అంది.

మైదాపిండి ముద్దలు చిన్నగా చేసి, గీతలు పడేలా నొక్కి చుట్టి, నూనెలో వేయించి బెల్లం పాకంలో వేస్తే వాటినీ గవ్వలనే అంటారని తెలుగు దేశంలో తెలియనివాళ్ళు లేరు. నాకూ తెలుసు. పెళ్ళిళ్ళలో సారెతో వచ్చినవి గంపెడు తిన్నాను. ఆ క్షణానికి మాత్రం నాలో తెలుగు మనిషి కంటే జువాలజీ లెక్చరర్ ముందు నిలబడి ఉంది.

"అవి కాదు బంగారం. అసలు గవ్వలు వేరే. రేపు నిన్ను మైపాడు బీచికి తీసుకెళ్ళి చూపిస్తాగా" అన్నాను.

"సరే పిన్నీ" అంది.

ఆదివారం పొద్దున కాలేజీలో పరీక్ష కాపలా కాసి, మధ్యాహ్నం స్కూటీ మీద మైపాడు పోయాం. సముద్రంలో గవ్వలు తప్ప అన్నీ ఉన్నాయి. ఆలిచిప్పలు, తెగిన వల ముక్కలు, ఒక చెప్పు. చివరికి ఒడ్డున బొమ్మల బండి దగ్గర గవ్వలు సంచీ లెక్కన కొన్నాను. ఎక్కడివని అడిగితే బండాయన, "చెన్నపట్నం నుంచి వస్తాయి మేడం" అన్నాడు. సముద్రం ఎదురుగా నిలబడి, గవ్వల్ని మద్రాసు నుంచి కొనుక్కున్నాం.

పాప మాత్రం ఆ పూట మారిపోయింది. చెప్పులు విడిచి, గౌను మోకాళ్ళపైకి ఎత్తుకుని, అల వెనక్కి పోతే వెంటపడడం, ముందుకొస్తే అరుస్తూ పరుగెత్తుకు రావడం. ఒక పీతపిల్ల గుంతలో దూరడం చూసి, వెనక్కి తిరక్కుండానే, "అమ్మా! చూడు, చూడు!" అని కేకేసింది.

నేను గవ్వల సంచీ అక్కడే పడేసి పరుగెత్తాను. చీరె కుచ్చిళ్ళు తడిసిపోయాయి. నేను దగ్గరికి వచ్చేసరికి అది తిరిగి చూసింది. నాలిక కరుచుకుని, "నువ్వా... పిన్నీ, పీత చూడు" అంది. తప్పు చదివిన పదాన్ని మళ్ళీ సరిగ్గా చదివినట్టు.

పీతను చూశాను. దానికి పది కాళ్ళుంటాయని చెప్పాను.

ఆ సాయంత్రం గవ్వలతో నెమలిని చేశాను. అట్టముక్క మీద, నీలం రంగూ బంగారు రంగూ వేసి, పురి విప్పిన నెమలి. గర్వంగా చెప్పడం లేదు గానీ బాగా వచ్చింది. పాప గమ్ము పట్టుకుంది. మధ్యలో ఒకసారి, "మేడమ్‌కి ఫోన్ చేసి అడగొచ్చా?" అంది. ఆదివారం పూట టీచర్లను ఇబ్బంది పెట్టకూడదు, నాకు తెలుసుగా ఆ బాధ అన్నాను.

సోమవారం రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూములో ఫోను చూశాను. క్లాసు గ్రూపులో ఫోటో. లంగాలు, పంచెలు కట్టిన పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా, మూత తీసి ఉంది. నిండా గవ్వలు. బెల్లం పాకం మెరుస్తున్నవి, పంచదార చల్లినవి, కొంచెం మాడినవి. వరస చివర మా అమ్మాయి. గుండెలకు ఆనించుకుని నెమలి. అందరికంటే పెద్దగా నవ్వుతూ ఉంది. చుట్టాలింట్లో ఫోటో తీస్తుంటే నవ్వే నవ్వు అది. నాకు ఆ నవ్వు బాగా పరిచయం. టీచరు కింద, చాలా క్రియేటివ్ అని రాసి మూడు చప్పట్లు పెట్టింది. పక్క లెక్చరర్ తొంగి చూసి, "మీ పాపది భలే వెరైటీగా ఉందే" అంది.

నేను పోయి ఇంటర్ పిల్లలకు మొలస్కా చెప్పాను. ఆ రోజు పాఠం నిజంగా అదే.

సాయంత్రం పాప ట్యూషన్ నుంచి వచ్చి, నెమలిని జాగ్రత్తగా టీవీ పక్కన పెట్టింది. ఒక ఈక దగ్గర గవ్వ ఊడి ఉంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏమనలా. మేడమ్ బాగుందన్నాది."

"ఈ గవ్వ ఏమైంది?"

"ఒకబ్బాయి కొరికినాడు. తినేదనుకోని."

"అయ్యో. వాడికేమైంది?"

"పన్ను ఊడిపొయినాది. మున్నే కదలతా ఉండిందిలే."

నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. ఇద్దరం కలిసి నవ్వింది ఆ నాలుగు నెలల్లో అదే అనుకుంటాను. ఆ ధైర్యంతో అడిగాను.

"తినే గవ్వలని నీకు తెలుసు కదా. ఒకసారి చెప్పావు. మళ్ళీ గట్టిగా చెప్పి ఉండొచ్చు కదమ్మా?"

సాక్సులు విప్పుకుంటూ ఆలోచించింది. "నువ్వు శానా సంతోషంగా ఉంటివి" అంది.

నేను వంటింట్లోకి పోయాను. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

దసరా సెలవులిచ్చిన మర్నాడు మధ్యాహ్నం అక్క బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచీ, మొహంలో న్యాయమూర్తి. నేను కాలేజీకి సెలవు పెట్టి, పొద్దుటి నుంచి గవ్వలు చేశాను. తినేవి. ఈసారి వీడియోలో ఆవిడ ఫోర్కు మీద నొక్కింది, నేనూ అలాగే నొక్కాను. పాప పక్కన కూర్చుని ముద్దలు చేసి ఇచ్చింది, అన్నీ ఒకే సైజులో. పళ్ళెం నిండా పెట్టి అక్క ముందుంచాను.

అక్క ఒకటి నోట్లో వేసుకుంది. ఇల్లంతా వినిపించింది.

"పాకం ముదిరింది మే."

"కొంచెం."

"దేంతో గీతలు పెట్టినావు?"

"ఫోర్కుతో."

"ఇంట్లో దువ్వెన లేదా?"

"దువ్వెనా!"

"కొత్తది మే. నువ్వు తల దువ్వేది కాదు" అని, ఇంకోటి తీసుకుని దవడకు పెట్టుకుంది. వదిలేయలేదు, ఆమాట చెప్పాలి. తర్వాత పాపను దగ్గరికి పిలిచి, రెట్ట పట్టుకుని, బుగ్గ నొక్కి, సంతలో దూడను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. రిజల్టు బోర్డు దగ్గర నా విద్యార్థులు అలాగే నిలబడతారు.

"చిక్కలా" అంది అక్క. గొంతులో కొంచెం నిరాశ. "ఒళ్ళే చేసింది. నీ గడ్డి బాగానే పనిచేసినట్టుండాది. నేను మాట తప్పను. అది ఉంటానంటే ఉంచుకో. ఏం తల్లీ, సెలవులైనాక ఈడికి వస్తావా, ఆడనే ఉంటావా? నీ ఇష్టం. నిన్నెవురూ ఏమనరు."

పాప నా వైపు చూసింది, అక్క వైపు చూసింది. ఎవరినీ నొప్పించని జవాబు వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. అలాంటి జవాబు లేదు.

"ఆడనే ఉంటా మా" అంది, చాలా మెల్లగా.

బట్టల సంచీ అప్పటికే సర్ది తలుపు పక్కన పెట్టి ఉంది. ఎప్పుడు సర్దుకుందో నేను చూడలేదు. బహుశా నేను పాకం చూస్తున్నప్పుడు. అక్క మొహం గెలిచినట్టు లేదు. నీళ్ళు తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించింది.

నేను పాప ముందు కింద కూర్చుని చెప్పుల బెల్టు పెట్టబోయాను. అది తానే పెట్టుకుంది. అప్పుడు చెప్పాను. ఈసారి అలా కాదు, నేను కాలేజీకి సెలవు పెడతాను, ఒక రోజూ రెండు రోజులూ కాదు, నెల పెడతాను, జీతం పోతే పోనీ. పొద్దుటి నుంచి రాత్రిదాకా నీతోనే ఉంటాను. నీకేం కావాలంటే అది చేద్దాం. కొత్త కొత్తవి చేద్దాం, ఇద్దరం కలిసి. సరేనా?

రెండో చెప్పు బెల్టు బిగించుకుని లేచి నిలబడి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"సెలవు పెట్టబాక పిన్నీ. నువ్వు ఇంట్లో ఉంటే నాకు శానా పని."